మంచు విడిచిన సరస్సులో బాస్ చేప

ఉత్తర అమెరికాలో గాలం పట్టేవాళ్లు చలికాలమంతా ఒక రోజు కోసం ఎదురుచూస్తారు. సరస్సు మీద మంచు పలక పూర్తిగా విడిచిపోయి నీళ్లు కనబడే రోజు అది. అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాల్లో, సరిహద్దు అవతల కెనడాలోని ఆంటారియోలో చాలా సరస్సులకు అది ఏప్రిల్‌లో వస్తుంది. ఇంకా పైకి వెళ్తే మే దాకా ఆగాలి. ఆ రోజుల్లో మధ్యాహ్నం ఎండ హాయిగా ఉంటుంది, జాకెట్ తీసేసి తిరగొచ్చు. నీళ్లలో చెయ్యి పెడితే మాత్రం కాసేపటికే వేళ్లు కొంకర్లు పోతాయి. థర్మామీటర్ దించితే 4 డిగ్రీలో 5 డిగ్రీలో చూపిస్తుంది. ఒడ్డున వసంతం వచ్చేసినా నీళ్లలో ఉన్న స్మాల్‌మౌత్ బాస్‌కి ఇంకా చలికాలమే. ఈ చేపను పట్టాలన్నా, దాని బతుకు అర్థం కావాలన్నా తేదీలు చూసి లాభం లేదు. నీళ్లలో ఎంత వేడి చేరిందో చూడాలి.

నీళ్లు వేడెక్కడానికి ఎందుకింత ఆలస్యం? ముందు మంచు లెక్క చూద్దాం. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో మంచు కరిగి అదే సున్నా డిగ్రీల నీరు కావడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.2 కిలోజౌళ్లు చాలు. అరమీటరు మందం ఉన్న మంచు పలకలో చదరపు మీటరుకు సుమారు 460 కిలోల మంచు ఉంటుంది. దాన్ని కరిగించడానికి పట్టే వేడితో మూడున్నర మీటర్ల లోతు నీటిని 10 డిగ్రీలు వేడెక్కించవచ్చు. మార్చి ఎండలో తెల్లటి మంచు తిప్పికొట్టింది పోగా మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఈ కరగడానికే ఖర్చయిపోతుంది. మంచు పోయాకే సరస్సు తనకంటూ వేడి కూడబెట్టుకోవడం మొదలుపెడుతుంది.

నీటికి ఇంకో గుణం ఉంది. 4 డిగ్రీల దగ్గర అది అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అంతకంటే చల్లబడినా, వేడెక్కినా తేలికవుతుంది. అందుకే చలికాలంలో 4 డిగ్రీల నీరు అడుగున, సున్నాకు దగ్గరగా ఉన్న నీరు మంచుకు ఆనుకుని పైన ఉంటాయి. అడుగు గడ్డకట్టదు కాబట్టే చేపలు బతుకుతాయి. మంచు విడిచాక పై నీరు కూడా 4 డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు సరస్సు మొత్తం ఒకే బరువు. గట్టిగా గాలి వీస్తే పైనుంచి కింద దాకా కలిసిపోతుంది, చలికాలమంతా తరిగిపోయిన ఆక్సిజన్ మళ్లీ అడుగుకి చేరుతుంది. ఈ కలగలుపు జరిగే రోజుల్లో సరస్సులో ఎక్కడ కొలిచినా దాదాపు ఒకటే చలి.

ఇక చేప సంగతి. స్మాల్‌మౌత్ బాస్ కంచు రంగులో ఉంటుంది. ఒంటి మీద నిలువు చారలు, ఎర్రటి కళ్లు. రెండు కిలోలు దాటితే పెద్ద చేపే. దాని దగ్గరి బంధువు లార్జ్‌మౌత్ బాస్ కలుపు మొక్కలున్న నిలవ నీటిని ఇష్టపడుతుంది. స్మాల్‌మౌత్‌కి రాళ్లు, తేట నీళ్లు, కాస్త ప్రవాహం కావాలి. ఉత్తరాన ఎక్కువగా కనబడేది, గాలానికి తగిలితే గాల్లోకి ఎగిరి ప్రాణం పెట్టి పోరాడేది ఇదే.

మన ఒంటికి 37 డిగ్రీలు నిలబెట్టుకునే ఏర్పాటు ఉంది. బాస్‌కి అది లేదు, చుట్టూ నీళ్లు ఎంత చల్లగా ఉంటే ఒళ్లూ అంతే. నీటి వేడి 10 డిగ్రీలు తగ్గితే శరీరంలో జరిగే రసాయన చర్యల వేగం సగానికో, అంతకంటే కిందికో పడిపోతుంది. జూలైలో త్వరగా అరిగిపోయే ఆహారం, 5 డిగ్రీల నీటిలో రోజుల తరబడి పొట్టలోనే ఉంటుంది. కండరాలు కూడా నెమ్మదిస్తాయి. వెంటాడి పట్టడానికి ఖర్చయ్యే శక్తి, పట్టిన ఎర ఇచ్చే శక్తి కంటే ఎక్కువైతే చేపకి నష్టం. అందుకే స్మాల్‌మౌత్ చలికాలంలో లోతైన చోట్ల గుంపులుగా చేరి, తిండి దాదాపు మానేసి, శరదృతువులో పోగుచేసుకున్న కొవ్వు మీద బతుకుతుంది.

ఆ నెలల్లో బాస్ నిద్రపోతుందని చాలామంది అంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఆంటారియోలో క్వీన్స్ యూనివర్సిటీ బయలాజికల్ స్టేషన్ దగ్గర వార్నర్ లేక్ అనే చిన్న సరస్సు ఉంది. అక్కడ శాస్త్రవేత్తలు లార్జ్‌మౌత్ చేపల ఒంట్లో శబ్దం పంపే చిన్న పరికరాలు అమర్చి, ఆ శబ్దాన్ని నీళ్లలో వినే హైడ్రోఫోన్‌లు పెట్టి, ఏడాది పొడుగునా వాటి కదలికలు గమనించారు. చలికాలంలో కదలిక బాగా తగ్గింది కానీ ఆగలేదు. మంచు కిందా అవి తిరుగుతూనే ఉన్నాయి. పొదుపుగా బతుకుతున్నాయి, అంతే.

నదుల్లో ఈ పొదుపు కోసం చేపలు ఎంత దూరమైనా పోతాయి. విస్కాన్సిన్‌లో ఎంబరాస్ అనే నది వుల్ఫ్ నదిలో కలుస్తుంది. వేసవిలో ఎంబరాస్‌లో ఉండే స్మాల్‌మౌత్‌లకు గుర్తులు కట్టి వదిలితే, శరదృతువులో నీళ్లు చల్లబడగానే అవి 60 కిలోమీటర్లకు పైగా దిగువకు ఈదుకుంటూ వెళ్లి వుల్ఫ్ నదిలోని లోతైన మడుగుల్లో చలికాలం గడిపాయి. వసంతంలో తిరిగి ఎగువకు వచ్చాయి. వేసవిలో చేపలు దొరికిన చోటే ఏప్రిల్‌లో గంటల తరబడి గాలం వేసి ఖాళీ చేతులతో వెళ్లేవాళ్ల కష్టానికి చాలాసార్లు కారణం ఇదే. అక్కడ చేప ఉండదు.

మరి ఎక్కడుంటుంది? కలగలుపు అయిపోయాక సరస్సు అంతా ఒకేసారి వేడెక్కదు. ఉత్తరపు ఒడ్డున నేల లోపలికి చొచ్చుకుపోయిన చిన్న కయ్యలు ముందు వేడెక్కుతాయి. ఆ అక్షాంశాల్లో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి ఎండ నేరుగా ఆ ఒడ్డు మీద పడుతుంది, ఒడ్డు మీది చెట్లు చల్లటి ఉత్తరపు గాలిని అడ్డుకుంటాయి. లోతు తక్కువగా ఉండి అడుగు నల్లగా ఉంటే ఇంకా తొందరగా వేడెక్కుతుంది. పై పొరలోని వెచ్చటి నీటిని గాలి తోసుకెళ్లి ఎదుటి ఒడ్డున పోగుచేస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలకు ఇలాంటి చోట నీళ్లు మిగతా సరస్సు కంటే రెండు డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. మనకు అది తెలియను కూడా తెలియదు, 5 డిగ్రీల దగ్గర ఉన్న చేపకి పెద్ద లాభం. చలికాలపు మడుగుకీ ఈ కయ్యకీ మధ్య నీళ్లలో దిగే రాళ్ల వాలు ఉంటుంది. నీళ్లు 7, 8 డిగ్రీలకు వచ్చేసరికి బాస్ ఆ వాలు మీద, ఇంకా కాస్త లోతులోనే, గుంపులుగా నిలబడతాయి. ఎండ కాసిన మధ్యాహ్నం పైకి వస్తాయి, చలిగాలి తిరిగితే మళ్లీ దిగిపోతాయి.

ఈ చేపను పట్టడానికి వాడే వస్తువుల్లో ఒకదాన్ని దగ్గరగా చూడాలి. జర్క్‌బెయిట్ అంటారు. పది సెంటీమీటర్ల సన్నటి ప్లాస్టిక్ చేప, లోపల బోలు, మూతి దగ్గర చిన్న పారదర్శక బిళ్ల. విసిరి, దాన్ని లోతుకు దించి, కర్ర కొసను రెండు సార్లు విదిలిస్తే ఎడమకీ కుడికీ గంతులేస్తుంది. ఆ తర్వాత ఆపేయాలి. మునగదు, తేలదు, నీటి మధ్యలో ఉన్నచోటే ఆగిపోతుంది. పది సెకన్లు, అవసరమైతే ఇరవై సెకన్లు ఏమీ చేయకూడదు. కొత్తవాళ్లకు ఇదే టెన్షన్, చేతులు ఊరుకోవు. కానీ చల్లబడిన చేప లెక్క ప్రకారం పారిపోయే ఎర ఖరీదైనది, నిలబడిపోయిన ఎర చౌక. నెమ్మదిగా వెనక నుంచి వచ్చి, చూసి, నోరు తెరిచి లోపలికి పీల్చుకుంటుంది. గుంజుడు ఉండదు. నీటి మీద వదులుగా పడి ఉన్న దారం కాస్త పక్కకి జరుగుతుంది, అంతే. దారం మీద కన్ను వేసి ఉంచనివాడికి చేప తగిలిన సంగతే తెలియదు.

ఎర అలా నిలబడాలంటే దాని సాంద్రత నీటి సాంద్రతకు సమానంగా ఉండాలి. ఘనమీటరు నీరు 20 డిగ్రీల దగ్గర 998 కిలోలు తూగితే, 4 డిగ్రీల దగ్గర 1000 కిలోలు తూగుతుంది. తేడా 0.2 శాతమే. అయినా వేసవిలో కదలకుండా నిలబడిన ఎర ఏప్రిల్‌లో మెల్లగా పైకి తేలిపోవడానికి అది చాలు. అందుకే అనుభవజ్ఞులు ఎర పొట్టకు పల్చటి లోహపు బిళ్ల అంటిస్తారు, లేకపోతే కాస్త బరువైన గాలపు ముళ్లు మారుస్తారు. పడవ పక్కన ముంచి, చూసి, సరిచేసుకున్నాకే విసురుతారు. జిగ్ అని ఇంకో ఎర ఉంది, బరువైన తల ఉన్న గాలపు ముల్లుకి మెత్తటి ఈకలు కడతారు. అదీ ఇలాంటిదే. దాన్ని కదపకపోయినా ఈకలు వాటంతటవే అల్లాడుతుంటాయి.

నదిలో అయితే మంచు కరిగిన వరద నీరు చల్లగా, మట్టిగా, జోరుగా వస్తుంది. అక్కడ వేడి కంటే ప్రవాహం తప్పించుకోవడం ముఖ్యం. పెద్ద రాయి వెనక, మలుపు లోపలి వైపు, వాగు కలిసే చోట నిలవ నీటిలో వెతకాలి.

లోతైన మడుగుల్లో చలికాలపు గుంపు దొరికిందని అదే పనిగా పైకి లాగడం మాత్రం మంచిది కాదు. బాస్ గాలితిత్తికి ఆహారనాళంతో గొట్టం ఉండదు, గాలిని బయటికి వదలలేదు. పది మీటర్ల లోతు నుంచి ఒక్కసారి పైకి తెస్తే తిత్తి ఉబ్బిపోతుంది, వదిలేసినా కిందికి దిగలేక పక్కకి పడి తేలుతుంది.

మనిషికి కూడా ఆ నీళ్లు ప్రమాదమే. మానిటోబా యూనివర్సిటీ శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 అని గుర్తుపెట్టుకోమంటారు. చల్లటి నీళ్లలో పడితే ఊపిరి అదుపు చేసుకోవడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మాట వినేది పది నిమిషాలే, స్పృహ తప్పడానికి దాదాపు గంట. ఈ ప్రాంతాల్లో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఎండ చూసి నీళ్లను నమ్మొద్దు. ఈత వచ్చినా సరే, పడవ ఎక్కే ముందే లైఫ్ జాకెట్ వేసుకోండి.

ఏప్రిల్ చివర్లో బాస్ తిండి పెంచడానికి అసలు కారణం ముందుంది. ఆడచేప కడుపులో శరదృతువు నుంచే గుడ్లు పెరుగుతూ వస్తాయి. నీళ్లు 13 డిగ్రీలు దాటాక మగచేప లోతు తక్కువ చోట, తరచూ ఒక బండరాయినో పడిపోయిన దుంగనో ఆనుకుని, తోకతో మట్టి ఊడ్చి గులకరాళ్ల గుండ్రటి గూడు చేస్తుంది. 15 డిగ్రీలు దాటాక ఆడచేప వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. తర్వాత బాధ్యతంతా తండ్రిదే. రాళ్లకు అంటుకున్న గుడ్లకు రెక్కలతో విసురుతూ మట్టి పేరుకోకుండా, ఆక్సిజన్ అందేలా చూస్తుంది. 13 డిగ్రీల్లో పొదగడానికి పది రోజుల దాకా పడితే, 24 డిగ్రీల్లో రెండు మూడు రోజులు చాలు. పిల్లలు నల్లటి గుంపుగా పైకి లేచాక కూడా వారాల తరబడి తిండి సరిగ్గా లేకుండా కాపలా కాస్తుంది. మన చెరువుల్లో కొరమీను ఎర్రటి పిల్లల గుంపు కిందే తిరుగుతూ దగ్గరికొచ్చినదాన్నల్లా తరమడం చూసినవాళ్లకు ఈ దృశ్యం పరిచయమే.

కాపలా ఉన్న మగచేప ఏది దగ్గరికొచ్చినా కొడుతుంది. గాలాన్నీ కొడుతుంది. అందుకే దాన్ని పట్టడం చాలా తేలిక, ఆ తేలికలోనే చెరుపు ఉంది. ఈరీ సరస్సులో బయటి దేశం నుంచి వచ్చి పెరిగిపోయిన రౌండ్ గోబీ అనే చిన్న చేప ఉంది. మగ బాస్‌ని గాలంతో పైకి తీసిన కొద్ది నిమిషాల్లోనే గోబీలు గూట్లోకి చొరబడి గుడ్లు తినడం పరిశోధకులు కళ్లారా చూశారు. వెంటనే వదిలేసినా, అలిసిపోయిన తండ్రి గూడు వదిలేసి వెళ్లిపోయే అవకాశం పెరుగుతుందని చేపల శాస్త్రవేత్త డేవిడ్ ఫిలిప్ బృందం 1997లో చూపించింది. ఇలినాయ్‌లోని రిడ్జ్ లేక్‌లో లార్జ్‌మౌత్ మీద ఏళ్ల తరబడి చేసిన పనిలో ఇంకో సంగతి బయటపడింది. గాలానికి సులువుగా చిక్కే గుణం వంశపారంపర్యంగా వస్తుంది. అలా చిక్కే మగచేపలే పిల్లల్ని బాగా కాపాడే తండ్రులు కూడా. మనం ముందు తీసేది మంచి తండ్రులనే. ఈ సంగతి తెలిశాక గూటి మీది చేపకు గాలం వేయడం నాకు సమ్మతం కాదు.

ఉత్తరాన ఒక్కొక్క గూడుకి ఇంత విలువ ఎందుకంటే, అక్కడ పిల్లకు అసలు పరీక్ష మొదటి చలికాలం. చిన్న చేప గ్రాముకి ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది, దాచుకునే కొవ్వు తక్కువ. తినకుండా నెలలు గడపాలంటే శరదృతువు నాటికే కొంత పెరిగి ఉండాలి. శాస్త్రవేత్త బ్రయన్ షూటర్, ఆయన సహచరులు 1980లో ఈ లెక్కనే ఒక గణిత నమూనాగా కట్టారు. ఉత్తరాన ఒక హద్దు దాటి స్మాల్‌మౌత్ ఎందుకు నిలదొక్కుకోలేదో అది చాలావరకు వివరిస్తుంది. అందుకే ముందుగా పెట్టిన గూడు పిల్లలకు అదనంగా దొరికే ఒక్కో వారం అమూల్యం. ముందుగా పెడితే మాత్రం మే నెల చలిగాలికి నీళ్లు చల్లబడి, తండ్రి గూడు వదిలేసే భయం ఉంది. రెంటి మధ్యా నలుగుతూనే ఈ చేప జాతి ఇక్కడ బతుకుతోంది.

చట్టాలు ఈ విషయంలో ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి. మిషిగన్ 2015 నుంచి ఏడాది పొడుగునా బాస్‌ని పట్టి వెంటనే వదిలేయడానికి అనుమతి ఇచ్చింది. న్యూయార్క్ కూడా 2022లో అటే వచ్చింది. ఆంటారియోలో మాత్రం చాలా ప్రాంతాల్లో బాస్ సీజన్ జూన్ మూడో, నాలుగో శనివారం దాకా తెరవరు. నాకు ఆంటారియో పద్ధతి నచ్చుతుంది. అయితే మంచు విడిచిన తొలి వారాల్లో, గూళ్లు కట్టకముందు, లోతు తక్కువ చోట పట్టి వదిలేస్తే చల్లటి నీళ్లలో చేప బాగానే కోలుకుంటుంది. నాకున్న అభ్యంతరమల్లా ఆ తర్వాతి నెలతోనే.

తేదీతో గీసిన గీతకు ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. విస్కాన్సిన్‌లోని మాడిసన్ నగరంలో మెండోటా సరస్సు మంచు తేదీలను 1850ల నుంచి రాసిపెడుతున్నారు. అప్పటితో పోలిస్తే మంచు ఉండే కాలం దాదాపు నెల రోజులు తగ్గింది. ఒక ఏడాది గూళ్లు ముందే పడతాయి. ఇంకో ఏడాది చలి పట్టుకుని వదలదు, జూన్ చివరి శనివారం వచ్చినా ఉత్తరపు సరస్సుల్లో మగచేపలు ఇంకా పిల్లల దగ్గరే ఉంటాయి. సీజన్ తెరిచారు కదా అని ఆ రోజు ఒడ్డు వెంట గాలం వేస్తే మొదట దొరికేవి అవే. నీటి వేడి చూపించే పరికరం ఇప్పుడు చాలా పడవల్లో ఉంటుంది. అది 13 చూపించిన రోజు నుంచి, పిల్లల గుంపులు చెదిరిపోయేదాకా గులకరాళ్ల ఒడ్డు వదిలేసి, సీజన్ తెరిచి ఉన్న పైక్, వాలై లాంటి వేరే చేపల కోసం పడవ అటు తిప్పడానికి ఏ చట్టం కోసమూ ఆగక్కర్లేదు.