థాంక్స్ డైరీ, 19వ రోజు

మా అక్క కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఎవరో చెప్పారని, రోజూ పడుకునేముందు ఆ రోజుకి థాంక్స్ చెప్పుకోవాల్సిన మూడు విషయాలు నోట్‌బుక్కులో రాయడం మొదలుపెట్టింది. మొన్న ఆ పేజీల ఫొటోలు పంపింది. మొదటిరోజు పేజీ నిండా రాసింది, మెస్సులో అడక్కుండానే ఇంకో గరిటె పప్పు వేసినావిడ కూడా ఉంది అందులో. 19వ రోజుకొచ్చేసరికి, "అమ్మ, కాఫీ, వైఫై. నిన్నటిదే." కింద నాకో ప్రశ్న: "మావయ్యా, నాకు కృతజ్ఞత లేదా, ఈ డైరీయే బోగస్సా?"

దీనికి జవాబు కన్నుతో మొదలుపెడతా, ఎందుకంటే నాకు అదంటే పిచ్చి.

కంటి లోపల వెనకవైపు రెటీనా అనే పొర ఉంటుంది కదా, అందులో వెలుతురుని పసిగట్టే కణాలకి అడ్డంగా, వెలుతురొచ్చే వైపే, సన్నటి రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. వాటి నీడ ఎప్పుడూ ఆ కణాలమీద పడుతూనే ఉంటుంది, అంటే మనం చూసే ప్రతిదానిమీదా చెట్టుకొమ్మల్లాంటి గీతలు కనపడాలి, కానీ కనపడవు. నీడ కదలదు, కదలనిదాన్ని కన్ను లెక్కలోంచి తీసేస్తుంది. నమ్మకపోతే విజిటింగ్ కార్డుకి గుండుసూదితో చిల్లు పెట్టి, కంటికి బాగా దగ్గరగా పట్టుకుని, చిల్లులోంచి తెల్లటి ఆకాశంవైపు (సూర్యుడివైపు కాదు బాబూ!) చూస్తూ కార్డుని గబగబా ఆడించండి. నీడ అటూ ఇటూ జరుగుతుంది, ఆ రక్తనాళాల చెట్టు ప్రత్యక్షం. ఆపండి, కొన్ని క్షణాల్లో మాయం.

మరి ఎదురుగా ఉన్న గోడ ఎందుకు మాయమవ్వదు? మన కన్ను ఒక్క క్షణం కూడా నిలకడగా ఉండదు, మనకి తెలీకుండానే సన్నగా వణుకుతుంటుంది, దాంతో గోడ బొమ్మ రెటీనామీద జరుగుతూనే ఉంటుంది. రక్తనాళాలు కంటితోపాటే కదుల్తాయి కాబట్టి వాటి నీడ మాత్రం జరగదు. 1950ల్లో కాంటాక్ట్ లెన్సుకి బుల్లి అద్దం అతికించి, కన్నెటు కదిలితే బొమ్మ కూడా అటే కదిలేలా ఏర్పాటుచేసి చూశారు, కాసేపటికే ఎదురుగా ఉన్న బొమ్మ కరిగిపోయింది! స్కూల్లో కంటి బొమ్మ గీయించి భాగాలు గుర్తించమంటారే గానీ ఈ సంగతి ఎవరూ చెప్పరు, నాకిప్పటికీ కోపమే.

ఇప్పుడు డైరీకి వద్దాం. వోల్ఫ్రామ్ షుల్జ్ అనే మెదడు శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ (కణాలు కబురు పంపుకోడానికి వాడే ఒక రసాయనం) కణాలమీద ప్రయోగాలు చేశాడు. అనుకోకుండా జ్యూస్ చుక్క పడితే ఆ కణాలు చెలరేగాయి. లైటు వెలిగాక జ్యూస్ వస్తుందని అలవాటయ్యాక లైటుకి చెలరేగాయి, జ్యూస్‌కి మామూలుగానే ఉన్నాయి. వస్తుందనుకున్న టైముకి రాకపోతే మామూలుకన్నా కిందకి పడిపోయాయి. అంటే అవి చెప్పేది వచ్చిన జ్యూస్ ఎంతని కాదు, వచ్చినదాన్లోంచి అనుకున్నది తీసేస్తే మిగిలేది ఎంతని. కరెంటు కూడా మనకి అంతే, రోజంతా ఉంటే సున్నా, పోతే తిట్లు, తిరిగొస్తే వీధి మొత్తం "వచ్చిందీ!" అని కేకలు. కంట్లో జరిగేదీ ఇదీ ఒకే యంత్రాంగం కాదు, కానీ రెండుచోట్లా మారనిదానికి విలువ లేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని మనవాళ్ళు ఊరికే అన్లేదు.

అందుకే 19వ రోజు కాఫీ రెటీనా మీది నీడ అయిపోయింది. సోన్యా ల్యుబొమిర్‌స్కీ అనే మనస్తత్వవేత్త బృందం 2005లో ఇదే చెప్పింది: ఆరు వారాలపాటు వారానికి ఒక్కసారి రాసినవాళ్ళలో సంతోషం పెరిగింది, మూడేసిసార్లు రాసినవాళ్ళలో పెరగలేదు. అసలు మజా 2008 ప్రయోగంలో ఉంది. మింక్యుంగ్ కూ, టిమోతీ విల్సన్ వాళ్ళు కొందరిని భార్యో భర్తో తమకెలా పరిచయమయ్యారో రాయమన్నారు, ఇంకొందరిని ఆ పరిచయమే జరక్కుండా ఎలా పోయుండేదో రాయమన్నారు. రెండోవాళ్ళకే తమ బంధంమీద తృప్తి ఎక్కువ కనిపించింది. కార్డు ఆడించడమంటే అదే!

కృతజ్ఞత అన్న మాటలోనే కృతం, జ్ఞ ఉన్నాయి, చేసింది తెలిసుండటం అని. తెలియడం అంటే ముందు కనపడాలిగా. మా అమ్మమ్మ మాత్రం ఉన్న మంచిని పైకి లెక్కపెడితే దిష్టి అనేది, ఇప్పటివాళ్ళేమో యూనివర్స్‌కి 21 రోజులు థాంక్స్ చెప్తే ఇల్లొస్తుంది కారొస్తుంది అంటున్నారు, ఈ రెండిట్లో నాకు అమ్మమ్మదే నయం, కనీసం ఖర్చు లేదు. డిప్రెషన్‌కి థాంక్స్ డైరీ మందు కూడా కాదు: 2021లో 27 అధ్యయనాల్ని కలిపి చూస్తే డిప్రెషన్, ఆందోళనలమీద ప్రభావం చిన్నదేనని తేలింది.

పిల్లకి ఇంత చెప్పలేదు, కార్డు ఆట మాత్రం చెప్పా. "రోజూ మానెయ్, ఆదివారం ఒక్కటే రాయి, ఆ మంచి జరక్కుండా ఎలా పోయుండేదో రాయి" అన్నా. సోమవారం ఒక ఫొటో వచ్చింది. కౌన్సెలింగ్ రోజు ఇంకో కాలేజీ ఆప్షన్ పైన పెట్టుంటే రూమ్మేట్ ఎవరో కూడా తెలిసేది కాదని, జ్వరమొచ్చిన రాత్రి తన తలమీద తడిగుడ్డ వేసేవాళ్ళుండరని, పేజీన్నర. కింద చిన్నక్షరాలతో: "కార్డులోంచి చూశా మావయ్యా, నరాలు కనపడ్డాయి, ఛీ."