నారోబ్యాండ్ ఫిల్టర్లతో తోకచుక్కల వెలుగు కొలవడం: అపోహలు - వాస్తవాలు

తోకచుక్క నుంచి మనకు చేరే వెలుగు రెండు రకాలు. ధూళి కణాలు చెదరగొట్టిన సూర్యకాంతి ఒకటి. వాయు అణువులు సూర్యకాంతిని పీల్చుకుని తమ సొంత తరంగదైర్ఘ్యాల్లో తిరిగి వెదజల్లే కాంతి రెండోది. ధూళి వెలుగు స్పెక్ట్రమ్ అంతటా పరుచుకుని ఉంటే, వాయువు వెలుగు కొన్ని చోట్లే గుట్టలుగా లేస్తుంది. ఓహెచ్ (OH) అణువు గుట్ట 309 నానోమీటర్ల దగ్గర, సీఎన్ (CN) 387, సీ3 (C3) 406, సీ2 (C2) 514 దగ్గర కనిపిస్తాయి. హేల్-బాప్ తోకచుక్క కాలంలో రూపొందిన, సన్నని తరంగదైర్ఘ్య పట్టీని మాత్రమే వదిలే (నారోబ్యాండ్) హెచ్‌బీ ఫిల్టర్లు ఈ గుట్టలకు ఒక వరుస, వాయువు దాదాపు లేని చోట్లకు (345, 445, 526, 713 నానోమీటర్లు) మరో వరుసగా ఉంటాయి. ఈ రెండో వరుసను కంటిన్యుయం ఫిల్టర్లు అంటాం. అపోహల్లో చాలా భాగం ఈ రెండో వరుసను పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: సీ2 ఫిల్టర్ పెడితే వచ్చేదంతా సీ2 వెలుగే.

కాదు. సీ2 ఫిల్టర్ వెడల్పు సుమారు 12 నానోమీటర్లు. ఆ కిటికీలోంచి ధూళి వెలుగు కూడా వస్తుంది. దాన్ని లెక్కగట్టి తీసేశాక మిగిలిందే వాయువు. పద్ధతి ఇది: సూర్యుడిలాంటి నక్షత్రాన్ని, ఉదాహరణకు 16 సిగ్ని బీని, అదే రాత్రి అవే ఫిల్టర్లతో తీసి, సీ2, నీలి కంటిన్యుయం (445) కౌంట్ల (కెమెరా నమోదు చేసిన వెలుగు అంకెల) నిష్పత్తి కట్టాలి. తోకచుక్క నీలి కంటిన్యుయం కౌంట్లను ఈ నిష్పత్తితో గుణిస్తే, సీ2 ఫిల్టర్‌లో ధూళి వాటా ఎంతో తెలుస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. ధూళి సాధారణంగా సూర్యుడి కంటే కాస్త ఎరుపు. 445 దగ్గర కొలిచిన ధూళిని 514కు తీసుకెళ్లేటప్పుడు ఆ ఎరుపును కలపాలి. 445, 526 ఫిల్టర్లు రెండింటితోనూ తీస్తే ఆ వాలు మీ డేటాలోనే దొరుకుతుంది. కలపకపోతే ఏమవుతుందో అంకెల్లో చూద్దాం. నక్షత్రం నిష్పత్తి 2.4 అనుకోండి, తోకచుక్క నీలి కంటిన్యుయం 1000 కౌంట్లు. అంటే సీ2 ఫిల్టర్‌లో ధూళి 2400. మొత్తం 6000 వస్తే వాయువు 3600. ధూళి 5 శాతం ఎక్కువ ఎరుపైతే ధూళి 2520, వాయువు 3480. మూడు శాతం తేడా, పెద్ద నష్టం లేదు. అదే ధూళి దట్టంగా ఉన్న తోకచుక్కలో మొత్తం 3000 మాత్రమే వచ్చిందనుకోండి. వాయువు 600 నుంచి 480కి పడిపోతుంది, అంటే 20 శాతం. తప్పు అదే, దెబ్బ మాత్రం ఆరు రెట్లు. అందుకే ధూళి ఎక్కువున్న తోకచుక్కకు కంటిన్యుయం ఎక్స్‌పోజర్లలో పిసినారితనం పనికిరాదు.

సీఎన్‌కు 445 ఒక్కటే చాలదు, అటువైపు 345 కూడా కావాలి. 387 ఆ రెండింటి మధ్య పడుతుంది కాబట్టి ధూళి వాలును రెండు వైపుల నుంచీ పట్టుకోవచ్చు.

అపోహ: సూర్యుడిలాంటి నక్షత్రం ఒక్కటి తీస్తే క్యాలిబ్రేషన్ అయిపోయినట్టే.

సూర్యుడిలాంటి నక్షత్రం ధూళి రంగుకు కొలబద్ద. కౌంట్లను నిజమైన కాంతి పరిమాణంగా, అంటే ఫ్లక్స్‌గా మార్చడానికి వేడి నక్షత్రాలు వేరే కావాలి. సూర్యుడిలాంటి జీ తరగతి నక్షత్రాల స్పెక్ట్రమ్‌లో 387 చుట్టుపక్కల శోషణ రేఖలు దట్టంగా ఉంటాయి, అతినీలలోహితంలో వాటి వెలుగూ తక్కువే. వేడి నక్షత్రాల స్పెక్ట్రమ్ అక్కడ నునుపుగా, ప్రకాశవంతంగా ఉంటుంది. అందుకే హెచ్‌బీ వ్యవస్థలో రెండు జాబితాలున్నాయి.

ఓహెచ్ సంగతి వేరు. 309 దగ్గర ఓజోన్ శోషణ ఎంత తీవ్రమంటే, కాంతి దాటి వచ్చే గాలి మందానికి కొలత అయిన ఎయిర్‌మాస్‌కు ఒక మ్యాగ్నిట్యూడ్ (నక్షత్రాల వెలుగు కొలిచే మెట్టు) దాటి పోతుంది. పైగా ఫిల్టర్ ఒక అంచు నుంచి మరో అంచుకు వెళ్లేసరికే ఆ శోషణ మారిపోతుంది. కాబట్టి మ్యాగ్నిట్యూడ్, ఎయిర్‌మాస్ గ్రాఫ్ సరళరేఖగా రాదు. నక్షత్రపు కంటిన్యుయానికి వర్తించే శోషణ, ఓహెచ్ రేఖలకు వర్తించే శోషణ కూడా ఒకటి కావు. తోకచుక్క బాగా కిందికి దిగాక తీసిన ఓహెచ్ కొలతను నమ్మకపోవడమే మేలు.

అపోహ: ఫిల్టర్ ఉంటే ఏ టెలిస్కోప్ అయినా ఒకటే.

ఇవి ఇంటర్‌ఫియరెన్స్ ఫిల్టర్లు. కాంతి ఏటవాలుగా పడితే వీటి కిటికీ నీలం వైపు జరుగుతుంది. ఎఫ్/8 (టెలిస్కోప్ ఫోకల్ దూరం దాని వ్యాసానికి 8 రెట్లు) దగ్గర కాంతి శంకువు అంచు కిరణాలకు 514 నానోమీటర్ల ఫిల్టర్ జరిగేది పావు నానోమీటర్ మాత్రమే. ఎఫ్/4 దగ్గర ఒక నానోమీటర్. ఎఫ్/2 దగ్గర నాలుగుకు కాస్త తక్కువ. ఫిల్టర్ పొర ప్రభావ వక్రీభవన గుణకం 2 అనుకుని వేసిన లెక్క ఇది. సీ2 పట్టీ 516.5 దగ్గర కోసినట్టు ఆగిపోతుంది, వెలుగంతా దానికి నీలం వైపే ఉంటుంది. కిటికీ 4 నానోమీటర్లు జరిగితే ఆ నిటారు అంచులోంచి కొంత పోయినట్టే. ఈ లోటును ఫ్లాట్‌ఫీల్డ్ సరిదిద్దదు. ఫ్లాట్ అంటే సమానంగా పరుచుకున్న వెలుగును తీసిన క్యాలిబ్రేషన్ ఫ్రేము; దాన్ని తెల్లటి కాంతితో తీస్తాం, అందులో కిటికీ ఎటు జరిగినా వచ్చే కౌంట్లు దాదాపు అంతే. ఫోకల్ రెడ్యూసర్ (ఎఫ్ అంకెను తగ్గించే లెన్సు) తీసేసి కొలవడం సులువైన విరుగుడు.

అతినీలలోహితానికి ఇంకో అడ్డంకి గాజు. లెన్సులు, అతికించిన కరెక్టర్లు, కెమెరా కిటికీ, సెన్సర్ మీది మైక్రోలెన్సులు, ఇవన్నీ 309ని తినేస్తాయి. వెండి పూతున్న అద్దాల పరావర్తనం 320 పరిసరాల్లో బాగా పడిపోతుంది. అల్యూమినియం అద్దాలు, అతినీలలోహితంలో పనిచేసే సెన్సర్ ఉంటే తప్ప ఓహెచ్ జోలికి వెళ్లకండి. సీఎన్, సీ2తోనే చేయదగిన పని బోలెడుంది.

ఎరుపు లీకు కూడా చూసుకోవాలి. అతినీలలోహిత ఫిల్టర్ దూరంగా ఎరుపులో కొంచెం కాంతిని వదిలినా, సెన్సర్ అక్కడ చురుగ్గా ఉంటుంది కాబట్టి ఆ కొంచెమే అసలు సిగ్నల్‌ను మింగేస్తుంది. పరీక్ష సులభం: ఆ ఫిల్టర్ మీద ఎరుపును మాత్రమే వదిలే లాంగ్‌పాస్ ఫిల్టర్ పెట్టి, ప్రకాశవంతమైన ఎర్ర నక్షత్రం వైపు తిప్పండి. ఏమీ కనబడకూడదు.

అపోహ: ఓ3 నెబ్యులా ఫిల్టర్, లేదా కలర్ కెమెరా పచ్చ ఛానెల్ చాలు.

ఓ3 ఫిల్టర్ 496, 501 దగ్గరి రేఖల కోసం చేసింది. సీ2 ముఖ్య పట్టీలో ఎక్కువ భాగం దాని బయటే ఉండిపోతుంది. పచ్చ ఛానెల్ వంద నానోమీటర్ల పైచిలుకు వెడల్పులో ధూళినీ వాయువునీ కలిపి పోసేస్తుంది. బొమ్మ అందంగానే వస్తుంది, సీ2 కొలత మాత్రం రాదు.

అపోహ: ఇది నారోబ్యాండ్ కాబట్టి చంద్రుడున్నా ఫర్వాలేదు.

వెన్నెల కూడా సూర్యకాంతే. తెల్ల ఎల్ఈడీ దీపాల వెలుగూ స్పెక్ట్రమ్‌లో విస్తారంగా పరుచుకుంటుంది. ఫిల్టర్ వాటిని తన వెడల్పు మేరకు తగ్గిస్తుంది, ధూళి వెలుగునూ అంతే తగ్గిస్తుంది. వాయువు గుట్ట ఉన్న చోట కొంత లాభం ఉంటుంది. కంటిన్యుయం ఫిల్టర్లలో ఏమీ ఉండదు.

అపోహ: ఆకాశపు నేపథ్యం ఫ్రేము మూలల్లోంచి తీసుకోవచ్చు.

ఎక్కువ కొలతలు చెడేది ఇక్కడే. తోకచుక్క భూమికి 1 ఏయూ (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) దూరంలో ఉంటే 1 ఆర్క్‌సెకండ్ అంటే దాదాపు 725 కిలోమీటర్లు. తోకచుక్క 0.3 ఏయూకు వచ్చిందనుకోండి, అరడిగ్రీ ఫ్రేములో మధ్య నుంచి అంచుకు సుమారు 1,96,000 కిలోమీటర్లే. సూర్యుడి నుంచి 1 ఏయూ దగ్గర సీఎన్ అణువు విచ్ఛిన్నమయ్యే లోపు ప్రయాణించే దూరానికి వాడే అంకె 2,10,000 కిలోమీటర్లు. అంటే మీ ఫ్రేము మొత్తం తోకచుక్క చుట్టూ పరుచుకున్న వాయు, ధూళి మేఘంలోనే, అంటే కోమాలోనే ఉంది. ఆ మూలను ఆకాశమనుకుని తీసేస్తే వాయువునే తీసేసినట్టు. తోక లేని దిశలో ఒకటి రెండు డిగ్రీలు పక్కకు జరిపి, ప్రతి వాయు ఫిల్టర్‌కూ వేరే ఆకాశపు ఫ్రేములు తీయండి. సంధ్య వెలుగులో తీస్తుంటే ఆకాశం నిమిషాల్లో మారిపోతుంది. కాబట్టి తోకచుక్కకు ముందొకటి, వెనకొకటి తీసి సగటు వాడాలి.

ఫిల్టర్ల వరుస కూడా ఇలాగే అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి: 445, సీ2, 526, సీఎన్, మళ్లీ సీఎన్, 526, సీ2, 445. ఎయిర్‌మాస్ మారినా సగటు దగ్గర అన్నీ ఒకే క్షణానికి వస్తాయి. ఫ్లాట్లకు సాయంత్రం ముందుగా అతినీలలోహిత ఫిల్టర్లు, చివర్లో వెడల్పైనవి. తెల్లవారుజామున దీనికి తలకిందులు.

అపోహ: తోకచుక్క మ్యాగ్నిట్యూడ్ 10 అంటే 10.

వెలుగును కూడే వృత్తాన్ని అపెర్చర్ అంటాం. ఏ అపెర్చర్‌లో? కోమా వెలుగు మధ్య నుంచి దూరానికి విలోమంగా తగ్గుతుంటే, అపెర్చర్ వ్యాసార్థం రెట్టింపైతే లోపలి వెలుగూ రెట్టింపవుతుంది, అంటే 0.75 మ్యాగ్నిట్యూడ్. అపెర్చర్ చెప్పని అంకెకు అర్థం లేదు. అపెర్చర్‌ను కిలోమీటర్లలో స్థిరంగా ఉంచండి, అది గాలి అలజడి వల్ల చుక్క అలుక్కునే వెడల్పుకు, అంటే సీయింగ్‌కు కనీసం మూడు నాలుగు రెట్లుండేలా చూసుకోండి.

ధూళికి ఈ చిక్కు తప్పించడానికే 1984లో అహెర్న్, ఆయన సహచరులు ఏఎఫ్‌రో అనే, ధూళి మొత్తాన్ని సూచించే పరిమాణాన్ని ప్రవేశపెట్టారు. లెక్క: రెండు రెట్ల భూమి దూరాన్ని సూర్యుడి దూరంతో గుణించి, వర్గం చేసి, అపెర్చర్ వ్యాసార్థంతో భాగించి, తోకచుక్క ఫ్లక్స్‌కూ సూర్యుడి ఫ్లక్స్‌కూ ఉన్న నిష్పత్తితో గుణించాలి. సూర్యుడి దూరం ఏయూలలో, భూమి దూరం, వ్యాసార్థం సెంటీమీటర్లలో వేయాలి. ఎక్కువమంది తడబడేది ఈ కలగలుపు దగ్గరే. సరిచూసుకోవడానికి ఒక లెక్క: సూర్యుడి దూరం 1.5 ఏయూ, భూమి దూరం 1 ఏయూ, వ్యాసార్థం 10,000 కిలోమీటర్లు, ఆర్ (ఎరుపు) ఫిల్టర్ మ్యాగ్నిట్యూడ్ 14.0, సూర్యుడిది మైనస్ 27.1. జవాబు సుమారు 73 సెంటీమీటర్లు రావాలి.

వెలుగు దూరంతో విలోమంగా తగ్గే కోమాకే ఏఎఫ్‌రో అపెర్చర్ మీద ఆధారపడకుండా ఉంటుంది. కాబట్టి మూడు నాలుగు అపెర్చర్లలో లెక్కగట్టి చూడండి. వీ (పచ్చ-పసుపు) ఫిల్టర్‌తో మాత్రం ఇది చేయకండి, సీ2 పట్టీలు రెండు నేరుగా అందులో పడతాయి. 713 కంటిన్యుయం ఉంటే అదే ఉత్తమం.

అపోహ: ఫ్లక్స్ పెరిగిందంటే వాయువు పెరిగినట్టే.

సీ2 విషయంలో చాలావరకు నిజం. సీఎన్, ఓహెచ్, ఎన్‌హెచ్‌లకు కాదు. తోకచుక్క సూర్యుడి వైపు లేదా దూరంగా కదిలే వేగాన్ని బట్టి సౌర స్పెక్ట్రమ్‌లోని శోషణ రేఖలు అణువు రేఖల మీదికి జరుగుతూ ఉంటాయి, అణువుకు దొరికే కాంతి మారిపోతుంది. దీన్ని స్వింగ్స్ ప్రభావం అంటారు. అందుకే ఫ్లక్స్‌ను అణువుల సంఖ్యగా మార్చేటప్పుడు ఆ రాత్రి ఉన్న ఈ వేగానికి (రేడియల్ వేగం) సరిపడే అంకెను పట్టిక నుంచి తీసుకోవాలి.

తరువాత, అణువుల సంఖ్యను ఉత్పత్తి రేటుగా (సెకనుకు వెలువడే అణువులుగా) మార్చే హేజర్ మోడల్. 1957 నాటి ఈ సరళమైన నమూనాలో తల్లి అణువుకూ, అది విచ్ఛిన్నమై పుట్టే బిడ్డ అణువుకూ, విచ్ఛిన్నమయ్యే లోపు ప్రయాణించే దూరం చెరొకటి ఇస్తాం. సీఎన్‌కు 13,000, 2,10,000 కిలోమీటర్లు, సీ2కు 22,000, 66,000. ఇవి 1 ఏయూ దగ్గరి విలువలు, సూర్యుడి దూరపు వర్గంతో పెరుగుతాయి. భౌతికంగా ఇవి అంత కచ్చితమైనవి కావు, అయినా అందరూ ఒకే జత వాడితేనే పోలిక నిలుస్తుంది. 1995లో 85 తోకచుక్కల డేటాతో చేసిన వర్గీకరణలో సీ2, సీఎన్ ఉత్పత్తి రేట్ల నిష్పత్తి లాగరిథమ్ మైనస్ 0.18 కంటే తక్కువైనవాటిని కార్బన్ శృంఖలాలు తగ్గినవిగా లెక్కించారు. 21పీ/జాకోబీని-జిన్నర్ ఆ కోవకు నమూనా. వేరే దూరాలు వాడి, మైనస్ 0.2 వచ్చిందని ఆ గీతతో పోల్చడానికి లేదు. ఫలితంతో పాటు వాడిన దూరాలు, అపెర్చర్, రేడియల్ వేగం రాసి ఉంచితే, తరువాత ఎవరైనా తమ జతతో తిరిగి లెక్కగట్టుకోగలరు.