బైపోలార్: రెండో స్కాన్ చెప్పేది

ఎమ్మారై రిపోర్టులో ‘నార్మల్’ అని చూడగానే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. “దేవుడి దయవల్ల ఏమీ లేదు” అని ఒకరంటే, “ఏమీ లేనప్పుడు ఇన్ని మందులెందుకు?” అని ఇంకొకరు అంటారు. బైపోలార్ డిజార్డర్ ఉన్న మనిషి విషయంలో ఆ రెండో మాట ప్రమాదం. గడ్డో, పక్షవాతమో, వాపో ఉందేమోనని చూడ్డానికి తీసిన స్కాన్ అది. బైపోలార్‌ని తేల్చేది ఇప్పటికీ సైకియాట్రిస్టే. వరసగా కొన్ని రోజులు రెండు మూడు గంటలే పడుకుని కూడా అలుపు లేకపోవడం, ఆగని మాటలు, అప్పు చేసి మరీ ఖర్చులు, ఆ తర్వాత మంచం దిగనివ్వని దిగులు... ఇదంతా రోగినీ ఇంటివాళ్లనూ అడిగి తెలుసుకోవాల్సిందే.

అలాగని మెదడులో మార్పు లేదని కాదు. మెదడు పైపొరను కార్టెక్స్ అంటారు. దాని మందం సగటున రెండున్నర మిల్లీమీటర్లు. స్కాన్‌లో ఆ పొర లోపలి అంచునూ బయటి అంచునూ కంప్యూటర్ గీసి, మధ్య దూరాన్ని వేల చోట్ల కొలుస్తుంది. ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం ఎన్నో దేశాల్లో తీసిన స్కాన్లను ఒకచోట చేర్చి, అన్నిటినీ ఒకే పద్ధతిలో కొలిచింది. 6,503 మంది స్కాన్లతో 2018లో వెలువడిన ఫలితం ప్రకారం, బైపోలార్ ఉన్నవాళ్లలో నుదుటి వెనక, కణతల దగ్గర, నడినెత్తి వైపు ఈ పొర సగటున కాస్త పలచగా ఉంది.

ఇక్కడ ‘సగటున’ అనే మాటను వదిలేయకూడదు. రెండు సెక్షన్ల సగటు మార్కుల్లో కొంచెం తేడా ఉన్నంత మాత్రాన, ఒక పిల్లాడి మార్కులు చూసి వాడిది ఏ సెక్షనో చెప్పలేం. ఇదీ అంతే. 3,020 మంది స్కాన్లతో కంప్యూటర్‌కి శిక్షణ ఇచ్చి చూస్తే, ఎవరికి బైపోలార్ ఉందో సుమారు 65 శాతం మంది విషయంలోనే సరిగ్గా చెప్పగలిగింది. స్కాన్ తీసి బైపోలార్ ఉందో లేదో చెప్పేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

అసలు సంగతి ఒకే మనిషికి కొంతకాలం తర్వాత మళ్లీ స్కాన్ తీసినప్పుడు బయటపడుతుంది. ఎనిగ్మా బృందమే 307 మంది రోగులకూ 925 మంది ఆరోగ్యవంతులకూ ఇలా రెండుసార్లు తీసిన స్కాన్లను పోల్చి, 2022లో ఫలితాలు ప్రకటించింది. మెదడు మధ్యలో నీరుండే గదులు రోగుల్లో కాస్త వేగంగా పెద్దవయ్యాయి. పైపొర మాత్రం అందరిలోనూ గబగబా అరిగిపోలేదు. రెండు స్కాన్ల మధ్య మేనియా (నిద్ర లేకున్నా అలుపు తెలియని ఆ ఉద్రేక దశ) ఎక్కువసార్లు వచ్చినవాళ్లలోనే అది వేగంగా పలచబడింది. అదీ ముఖ్యంగా నుదుటి వెనక, అంటే ఆవేశాన్ని అదుపులో పెట్టి ముందువెనక ఆలోచింపజేసే చోట. ఆ మధ్యకాలంలో మేనియా రానివాళ్లలో ఆ పొర దాదాపు అలాగే ఉంది, కొన్నిచోట్ల కాస్త మందమైంది కూడా.

నాకు ఇది చాలా పెద్ద విషయం అనిపిస్తుంది. జబ్బు పేరు వినగానే ‘ఇక మెదడు పాడైపోతుంది’ అని కుంగిపోయే కుటుంబాలకు, అది ముందే రాసిపెట్టిన దారి కాదని ఈ కొలతలు చెబుతున్నాయి. మేనియా వల్లే పొర పలచబడుతోందా, లేక పలచబడుతున్నవాళ్లకే మేనియా ఎక్కువగా వస్తోందా అన్నది ఇలాంటి అధ్యయనంతో తేలదు. స్కాన్‌లో పలచబడిందంటే కణాలు చనిపోయాయనీ అర్థం కాదు. అయినా రెండో మేనియాను, మూడో మేనియాను ఆపడానికి ఇంతకన్నా గట్టి కారణం ఏం కావాలి?

ఆపడానికి పాత మందే ఉంది. ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ 1949లో మేనియా రోగులకు లిథియం ఇచ్చి ఫలితం చూశాడు. 2018 నాటి ఎనిగ్మా లెక్కల్లో లిథియం వాడుతున్నవాళ్ల కార్టెక్స్, వాడనివాళ్లకన్నా మందంగా కనిపించింది. మందు మెదడును కాపాడుతోందా, లేక స్కాన్ సిగ్నల్‌నే కొంత మారుస్తోందా అన్న వాదన ఇంకా నడుస్తోంది. మేనియా తిరగబెట్టకుండా అడ్డుకుంటుందన్నది మాత్రం రుజువైన విషయం.

లిథియంతో జాగ్రత్తలు తప్పవు. చివరి డోసు వేసుకున్న పన్నెండు గంటలకు రక్తపరీక్ష చేయించి, రక్తంలో లిథియం ఎంతుందో చూడాలి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా మానకూడదు. మన ఎండాకాలంలో ఇంకో టెన్షన్ ఉంది: చెమటలు పట్టినా, విరేచనాలైనా ఒంట్లో నీరు తగ్గి, రక్తంలో లిథియం పెరిగిపోతుంది. ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా అంతే. చేతుల వణుకు ఎక్కువైనా, వాంతులు పట్టుకున్నా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బాగున్నాం కదా అని సొంతంగా ఒక్కసారిగా మానేస్తే మేనియా తిరగబెట్టే ముప్పు ఎక్కువ. ఆపాల్సివస్తే డాక్టరు చేతిమీదుగా, మెల్లమెల్లగా, వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి.