మూడో అంశం, ఎనిమిదో అంశం: వరంగల్ బల్దియా అడగాల్సిన లెక్క

రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో పట్టణ పాలక సంస్థల కోసం 18 పనులు రాసిపెట్టారు. మూడోది ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక వేయడం. ఎనిమిదోది పర్యావరణాన్ని కాపాడటం. 74వ సవరణతో వచ్చిన ఈ జాబితా 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. ముప్పై ఏళ్లు దాటినా, వరంగల్‌లో ఎవరినైనా ఆపి బల్దియా, అంటే నగర పాలక సంస్థ, పని ఏమిటని అడిగితే మోరీలు, చెత్త బండి, నల్లా నీళ్లు, వీధి దీపాలు అంటారు. జనరల్ బాడీ సమావేశాల్లో కార్పొరేటర్లు ఎక్కువగా లేవనెత్తేదీ అవే. వాళ్లను తప్పుపట్టలేం, తెల్లారితే జనం ఇంటి ముందుకొచ్చి అడిగేది వాటి గురించే. కానీ ఆ మూడో పని, ఎనిమిదో పని ఎవరి చేతిలోకి పోయాయో తెలుసుకోకపోతే, ప్రతి వానాకాలం హన్మకొండ కాలనీలు ఎందుకు మునుగుతున్నాయో అర్థం కాదు.

షెడ్యూల్‌లో రాసి ఉన్నంత మాత్రాన అధికారం వచ్చినట్టు కాదు. ఏ పని అప్పగించాలో రాష్ట్ర శాసనసభ నిర్ణయించుకోవచ్చని 243-డబ్ల్యూ అధికరణ చెబుతుంది. వరంగల్ విషయంలో ఆ నిర్ణయం అంతకు ముందే జరిగిపోయింది. 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద ఏర్పడిన కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే మనం కుడా అని పిలిచే సంస్థ, 1980ల మొదటి నుంచి మాస్టర్ ప్లాన్ పని చూస్తోంది. కుడా ఛైర్మన్‌ను ప్రభుత్వం నియమిస్తుంది, జనం ఓటేసి ఎన్నుకోరు. ఏ భూమిలో ఇళ్లు రావాలి, ఏది చెరువుగా మిగలాలి, రింగు రోడ్డు ఎటు పోవాలి అన్నది అక్కడ తేలుతుంది. ఆ నిర్ణయాల వల్ల వచ్చే నీళ్లు మాత్రం బల్దియా మోరీల్లోకి వస్తాయి.

ఈ ఊరి నేల సంగతి కొంచెం చెప్పాలి. కాకతీయులు ఇక్కడ చెరువులను గొలుసుకట్టుగా తవ్వించారు. పై చెరువు నిండితే నీళ్లు మత్తడి (అలుగు) దూకి కింది చెరువుకు పోవాలి, అది నిండితే ఇంకో దానికి. రెండు చెరువుల మధ్య ఉండే వాగు, కాలువ, చెరువు నిండితే మునిగి, ఎండాకాలం బీడులా కనిపించే శిఖం భూమి, ఇవన్నీ ఆ ఏర్పాటులో భాగాలే. వడ్డేపల్లి, గోపాలపూర్ వైపు వాన నీరు సమ్మయ్యనగర్ మీదుగా నయీంనగర్ నాలాలోకి వస్తుంది. మరో పక్క బొందివాగు భద్రకాళి చెరువు దిక్కు నడుస్తుంది. నగరం పెరిగినకొద్దీ ఈ దారులు ఇరుకయ్యాయి. కొన్నిచోట్ల కబ్జా చేశారు. కొన్నిచోట్ల పట్టా చూసి, అనుమతి చూసి కొనుక్కుని కట్టుకున్నారు. ఈ రెండోవాళ్ల గురించి మనం తక్కువ మాట్లాడతాం. మా చిన్నమ్మ వాళ్లు అలా కొన్నవాళ్లే. పత్రాలన్నీ ఉన్నాయి, బ్యాంకు లోనూ వచ్చింది. 2020 ఆగస్టులో నడుం లోతు నీళ్లు ఇంట్లోకి వచ్చేదాకా అది నీటి దారి అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మాస్టర్ ప్లాన్ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1970ల మొదట్లో తయారైన ప్లానే దశాబ్దాల పాటు ఈ నగరానికి దిక్కయింది. 2041 వరకు వేసిన కొత్త ప్లాన్ ముసాయిదా 2018లో బయటికొచ్చింది. ఈ రెండు ప్లాన్ల మధ్య కాలంలో ఊరు లేఅవుట్ వెనక లేఅవుట్‌గా పెరిగింది, అనుమతి లేనివాటిని తర్వాత క్రమబద్ధీకరించడం అలవాటుగా మారింది. 2020 వరద ఆగస్టు మధ్యలో వచ్చింది. ఆ నెల 31న ప్రభుత్వం ప్లాట్ల క్రమబద్ధీకరణ పథకం జీవో ఇచ్చింది. చెరువు శిఖంలోని ప్లాట్లను అందులోంచి మినహాయించారు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా ఏ ప్లాటు నీటి దారిలో ఉందో డివిజన్ల వారీగా పటం గీసి, సభలో పెట్టి చర్చించాల్సిన సమయం సరిగ్గా అదే.

సభ అసలు లేని కాలం కూడా ఒకటుంది. 2010లో పాలకవర్గం గడువు తీరాక 2016 మార్చి వరకు వరంగల్‌కు ఎన్నికైన కౌన్సిల్ లేదు, ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. ఆ ఆరేళ్లలో జరిగినవి చిన్నవి కావు. చుట్టుపక్కల 42 గ్రామాలు నగరంలో కలిశాయి, 2015లో అది గ్రేటర్ వరంగల్ అయింది. ఆ పంచాయతీల చెరువులు, కుంటలు, నాలాలు ఒక్కసారిగా నగరం కిందికి వచ్చాయి. అదే ఏడాది జూన్‌లో కేంద్రం స్మార్ట్ సిటీ పథకం మొదలుపెడితే, వరంగల్ ప్రతిపాదన తయారీ అధికారులు, కన్సల్టెంట్ల చేతుల మీదుగా సాగింది. 2016 మార్చిలో 58 మంది కార్పొరేటర్లు గెలిచి వచ్చారు, మేలో వరంగల్ ఎంపికైంది. పథకం నిబంధన ప్రకారం పనులను ఒక ప్రత్యేక కంపెనీ నడపాలి, అందులో రాష్ట్రానికి, నగర పాలక సంస్థకు సగం సగం వాటా. సగం వాటా మనదే అయినా, ఏ రోడ్డు ముందు, ఏ నాలా తర్వాత అన్న నిర్ణయం కంపెనీ బోర్డులో జరిగింది. కౌన్సిల్ హాల్లో అడిగే ప్రశ్నకు అక్కడ జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. 2025 మార్చి 31తో ఆ పథకం ముగిసింది.

2016 అక్టోబరులో జిల్లాల విభజన మరో ముడి వేసింది. పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2021లో హద్దులు మళ్లీ మార్చాక నగరం హనుమకొండ, వరంగల్ అనే రెండు జిల్లాల మధ్య ఉంది. ఇద్దరు కలెక్టర్లు, రెండు రెవెన్యూ యంత్రాంగాలు. వాగుకు జిల్లా సరిహద్దు తెలియదు కదా.

వానలు మాత్రం ఆగలేదు. 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది, రాష్ట్రంలో అది రికార్డు. అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు వాగులో కొట్టుకుపోయినంత పనైంది. రెండు రోజులకు భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ వైపు తెగింది. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చి, పంట కోసే వేళ హన్మకొండ, వరంగల్ కాలనీలను మళ్లీ ముంచింది. ప్రతిసారీ పడవలు, పునరావాస కేంద్రాలు, మంత్రుల పర్యటన, నాలాల మీద కూల్చివేతలు. నయీంనగర్ నాలా వెడల్పు చేసి వంతెన కొత్తగా కట్టడం మేలు చేసే పని, సందేహం లేదు. కానీ ఒక నాలాను వెడల్పు చేస్తే ఆ నీళ్లు కింద ఎవరి మీదికి వేగంగా పోతాయో కూడా లెక్క వేయాలి. ఆ లెక్క అడగడానికి, 58 నుంచి 66 డివిజన్లకు పెరిగిన బల్దియా సభకు మించిన చోటు లేదు.

చట్టం పూర్తిగా చేతులు కట్టేయలేదు కూడా. హైదరాబాద్ మినహా మిగతా పట్టణాలకు వర్తించే 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది, ఆ బాధ్యత వార్డు సభ్యుల మీద పెట్టింది. మంచిదే. అయితే దీని వల్ల వాతావరణ చర్య అంటే మొక్కల లెక్కే అన్న అభిప్రాయం స్థిరపడింది. మొక్క బతికిందా అని అడుగుతాం. మత్తడి తెరుచుకుందా, చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచేదాకా, అంటే ఎఫ్‌టీఎల్ దగ్గర, హద్దు రాళ్లు పాతారా, మడికొండ డంప్ యార్డులో పాత చెత్త ఎంత తగ్గింది అని అదే గట్టితనంతో అడగం.

ఇక అభివృద్ధి. ఈ ఊరికి కొలువుల ఆకలి పాతది. 1934లో మొదలైన అజంజాహి మిల్లు మూతపడి, స్థలం చేతులు మారింది. రైలు పెట్టెల ఫ్యాక్టరీ కాజీపేటకు రాకుండా కపుర్తలాకు పోయిందన్న బాధ ఇప్పటికీ పెద్దవాళ్ల మాటల్లో వినిపిస్తుంది. అందుకే 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల మధ్య కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు, 2023 జులైలో కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు పునాది పడినప్పుడు, 2025లో మామునూరు విమానాశ్రయానికి కేంద్రం ఒప్పుకున్నప్పుడు జనం మనస్ఫూర్తిగా సంతోషించారు. నేనూ సంతోషించాను. సూరత్, భివండి పోయిన మన నేతకార్మికుల పిల్లలు తిరిగి రావాలి. ఆ సంతోషంతో పాటు అడగాల్సినవీ ఉన్నాయి. బట్టల అద్దకానికి నీళ్లు చాలా కావాలి, వాడిన నీళ్లను శుద్ధి చేయాలి. విమానాశ్రయానికి సేకరించే పొలాల్లోంచి నీరు ఇప్పుడు ఎటు పోతోంది? రింగు రోడ్డు కట్ట కింద తూములు చాలినన్ని పెట్టకపోతే ఆ రోడ్డే ఆనకట్ట అవుతుంది. పార్కు ఫైలు ఒక శాఖలో, విమానాశ్రయం ఇంకో శాఖలో, రోడ్డు మరో చోట. వీటిని ఒక పటం మీద పెట్టి చూసినవాళ్లు లేరు.

అభివృద్ధిని, పర్యావరణాన్ని ఒకచోట పెట్టి చూడకపోవడం రామగుండంలోనూ ఉంది. 2,600 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉన్న ఊరు అది, అక్కడి జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు 2022లో పూర్తయింది. బొగ్గు తగ్గే రోజు వస్తే ఆ కార్మిక కుటుంబాల సంగతి అక్కడి కార్పొరేషన్ ఎజెండాలోకి ఇప్పుడే రావాలి.

మళ్లీ వరంగల్‌కు వస్తే, 2019 చట్టంలోనే ఒక దారి ఉంది. ప్రతి డివిజన్‌కు నాలుగు వార్డు కమిటీలు, ఒక్కో దానిలో 15 మంది. యువత, మహిళలు, వృద్ధులు, ఊరి పెద్దలు. 66 డివిజన్లకు లెక్కేస్తే 3,960 మంది. వడ్డేపల్లి మత్తడి దూకితే ఏ గల్లీలోకి ముందు నీళ్లొస్తాయో, ఏ తూము పూడిపోయిందో వీళ్లకు తెలుసు. 2041 మాస్టర్ ప్లాన్‌లో తమ డివిజన్ పటాన్ని వీళ్ల ముందు పరిచి, వీళ్లు చెప్పింది రాసుకుని, దాన్ని జనరల్ బాడీలో తీర్మానంగా పెట్టి కుడాకు పంపడానికి కొత్త జీవో ఏదీ అక్కర్లేదు. వానలు మొదలయ్యే జూన్‌కు ముందు ఒక్క సమావేశం దీనికే కేటాయిస్తే చాలు.