కార్బరేటర్ బ్యాలెన్సింగ్‌కి లెవల్ పైపు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మేస్త్రీలు పునాదికి మట్టం చూసే లెవల్ పైపు మీరు చూసే ఉంటారు. సన్నటి తెల్ల పైపులో నీళ్లు పోస్తారు, రెండు కొసల్లో నీళ్లు ఒకే ఎత్తులో నిలబడతాయి. విజయవాడ ఆటోనగర్‌లోని నా షెడ్డులో రెండు కార్బరేటర్ల బండ్లకు బ్యాలెన్సింగ్ చెయ్యడానికి, అంటే పెట్రోలు, గాలి కలిపి ఇంజిన్‌కి పంపే ఆ కార్బరేటర్లు రెండూ సమానంగా తెరుచుకునేలా సర్దడానికి, నేను వాడేది ఆ పైపే. చెక్క మీద యూ ఆకారంలో బిగించి, నీళ్ల బదులు టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్ల పెట్రోల్లో కలిపేది) పోశాను. రెండు కొసలూ ఒక్కో సిలిండర్ ఇన్‌టేక్ (గాలి లోపలికి పోయే దారి) దగ్గరుండే వాక్యూమ్ నిపిల్‌కి, అంటే ఇంజిన్ లాగుడు అందే చిన్న గొట్టపు మూతికి, తగిలిస్తాను. ఎక్కువ లాగే వైపు ఆయిల్ పైకెక్కుతుంది. దాన్ని చూసినవాళ్లు అడిగేవాటిలో సగం అపోహలే.

అపోహ: రెండు సైలెన్సర్లు ఉంటే రెండు కార్బరేటర్లు.

మైసూరులో తయారైన పాత యెజ్డీ తెచ్చి "బ్యాలెన్స్ చెయ్యన్నా" అంటారు. దానికి సైలెన్సర్లు రెండు గానీ సిలిండర్ ఒకటే, కార్బరేటర్ ఒకటే. ఉన్న ఒక్కదాన్ని దేనితో సరిచూడాలి? స్ప్లెండర్, పల్సర్ కూడా అంతే. కవాసాకీ నింజా 250ఆర్ లాంటి ట్విన్ (రెండు సిలిండర్ల) బండ్లకే ఈ పని. రాజ్‌దూత్ 350కి కార్బరేటర్లు రెండున్నా పైపు తగిలించే నిపిల్ ఉండదు. గాలిదారిని తెరిచి మూసే రెండు స్లైడ్ల కింద ఒకే సైజు డ్రిల్ బిట్లు పెట్టి కేబుళ్లు సర్దుతాం.

అపోహ: పైపులో ఆయిల్ కాదు, పాదరసం ఉంటేనే ఖచ్చితంగా తెలుస్తుంది.

నిజం దీనికి తలకిందులు. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు, ఆయిల్ నీటికంటే కాస్త తేలిక. పాదరసంలో 1 సెంటీమీటరు తేడా ఆయిల్‌లో సుమారు 15 సెంటీమీటర్లుగా కనిపిస్తుంది. కవాసాకీ మాన్యువల్స్‌లో ఈ తేడాకి మామూలుగా రాసే పరిమితి పాదరసంలో 2 సెంటీమీటర్లు. అంటే నా చెక్క మీద 30 దాటినా కంపెనీ లెక్కలో పాసే! నేను మాత్రం 2, 3 సెంటీమీటర్లకు తెచ్చేదాకా వదలను. ఒక్కో సిలిండర్ విడిగా ఎంత లాగుతోందో ఈ పైపు చెప్పదు, తేడా మాత్రమే చెబుతుంది. బ్యాలెన్సింగ్‌కి కావలసింది ఆ తేడానే. పైగా పాదరసాన్ని ఇంజిన్ మింగిందా, సైలెన్సర్ నుంచి వచ్చేది విషపు ఆవిరి.

ఆయిల్‌నూ ఇంజిన్ మింగుతుంది, అది నాకు మొదటి వారమే తెలిసింది. ఒకవైపు గొట్టం ఊడింది, కన్నుమూసి తెరిచేలోపు పైపు ఖాళీ. షెడ్డంతా తెల్లటి పొగ. పక్క టీకొట్టతను బకెట్‌తో పరిగెత్తుకొచ్చాడు. అప్పటినుంచి రెండు వైపులా దారిలో ఒక్కో ఖాళీ గాజుసీసా పెట్టి, మూతకు రెండు గొట్టాలు దూర్చి ఎమ్‌సీల్ వేశాను. గొట్టం ఊడినా ఆయిల్ సీసాలో ఆగుతుంది. మంచినీళ్ల ప్లాస్టిక్ సీసా పనికిరాదు, ఇంజిన్ లాగే లాగుడికి అది చప్పిడైపోతుంది.

పిస్టన్ గాలి లాగుతూ కిందికి దిగిన ప్రతిసారీ ఆయిల్ ఎగిరిపడుతుంది. మెడికల్ షాపులో కొత్త సెలైన్ సెట్లు రెండు కొని, చుక్కలు తగ్గించే ఆ చిన్న చక్రాలను చెరోవైపు పెట్టండి. దారి ఇరుకైతే ఆయిల్ నిలకడగా ఉంటుంది.

అపోహ: ఆయిల్ పైకెక్కిన వైపు గాలి ఎక్కువ పోతోంది.

మెకానిక్కులూ ఇక్కడే తప్పుతారు. కొబ్బరిబొండాం స్ట్రా నొక్కిపట్టి పీల్చండి, బుగ్గలు లోపలికి పోతాయి. దారి మూసుకుంటే లాగుడు పెరుగుతుంది. ఆయిల్ పైకెక్కిన వైపు బటర్‌ఫ్లై (గాలిదారిని తెరిచి మూసే రేకు) ఎక్కువ మూసుకుని ఉందన్నమాట. రెండు కార్బరేటర్ల మధ్యనున్న స్క్రూని కొద్దికొద్దిగా తిప్పి, ఒకసారి రేజ్ చేసి వదిలి మళ్లీ చూడాలి.

అనుమానం వస్తే గొట్టాలు అటుదిటు మార్చండి. ఎత్తు అదే సిలిండర్ వైపుకి మారితే తేడా బండిది, చెక్క మీద అదే పక్కన ఉండిపోతే మీ పైపుది.

అపోహ: బ్యాలెన్స్ చేస్తే ఐడిలింగ్ (బండి నిలబడి స్లోలో ఆడడం) సమస్యలన్నీ పోతాయి.

ట్యాపెట్లు (వాల్వుల సందు), ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, పైలట్ జెట్ (స్లోలో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) సరిగ్గా ఉన్నాకే దీని వంతు. ఇంజిన్ వేడెక్కి ఉండాలి, నిలబెట్టి నడుపుతాం కాబట్టి ముందు ఫ్యాను పెట్టాలి, తలుపులు తెరిచి ఉండాలి. పని అయ్యాక నిపిల్స్‌కి రబ్బరు మూతలు పెట్టడం మరిచారో, అక్కడినుంచి గాలి లాగి స్లో మళ్లీ పాడవుతుంది.