షికాగో–అరోరా 'రేస్‌ట్రాక్': మూడు లైన్ల పరుగు, 79 మైళ్ల పగ్గం

షికాగో యూనియన్ స్టేషన్ నుంచి నేపర్‌విల్ మీదుగా అరోరా దాకా 37.5 మైళ్లు, అంటే 60 కిలోమీటర్లు. దాదాపు పొడవునా మూడు లైన్లు. రైల్వే వాళ్లు దీన్ని 'రేస్‌ట్రాక్' అంటారు. ఒకే దిక్కుకు రెండు బండ్లు పక్కపక్కనే పందెం వేసుకున్నట్టు దూసుకుపోవడం ఇక్కడ మామూలే కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. నేపర్‌విల్, రూట్ 59 స్టేషన్లలో పొద్దున్నే బండెక్కే మన తెలుగువాళ్లు వెళ్లేదీ దీనిమీదే.

1850లో అరోరా బండ్లు వేరే కంపెనీ పట్టాల మీద షికాగో చేరేవి. నేపర్‌విల్ మీదుగా 'బర్లింగ్టన్' కంపెనీ సొంత దారి 1864లో వచ్చింది.

కిటుకంతా నడిమి లైనులో ఉంది. ప్రతి లైనుకూ రెండు దిక్కులా సిగ్నళ్లున్నాయి కాబట్టి పొద్దున రెండు లైన్లు నగరం వైపు నడుస్తాయి, సాయంత్రం తిరగబడతాయి. దగ్గరి స్టేషన్ల లోకల్ ఒకదాని మీద, దూరపు జనాన్ని ఎక్కించుకుని మధ్యలో ఆగని ఎక్స్‌ప్రెస్ మరోదాని మీద. రద్దీ వేళ ఒక లైను మీద గూడ్స్ మొరాయించిందా, ఎక్స్‌ప్రెస్ క్రాసోవర్ (ఒక లైను నుంచి పక్క లైనుకు మారే పట్టాలు) దాటి లోకల్ వెనక చేరాల్సిందే. ఆలస్యం వెనకున్న బండ్లన్నిటికీ పాకుతుంది.

1950లో రెండంతస్తుల గ్యాలరీ పెట్టెలు మొదట వచ్చిందీ ఇక్కడికే. ఒక్కోదానిలో 148 సీట్లు. మేడ మధ్య ఖాళీ వదిలారు కనుక కింద నడవలో నిలబడే పైవాళ్ల టిక్కెట్లూ చూడొచ్చు.

వేగానికి పగ్గం పడింది మాత్రం 1946 ఏప్రిల్ 25 తర్వాతే. ఆరోజు అడ్వాన్స్ ఫ్లయర్ అనే ప్యాసింజర్ బండి, దాని వెనకే రెండు మూడు నిమిషాల ఎడంతో ఎక్స్‌పొజిషన్ ఫ్లయర్ ఒకే లైను మీద బయల్దేరాయి. కింద ఏదో ఎగిరిపడిందని మొదటి బండిని నేపర్‌విల్‌లో ఆపారు. వెనక బండిని ఆపడానికి ఒక ఉద్యోగి జెండా పట్టుకుని పరుగెత్తాడు. ఆ వెనక బండి గంటకు 80 మైళ్లకు పైగా వస్తోంది. పసుపు సిగ్నల్ కనబడ్డప్పుడే వేగం బాగా తగ్గాలి. అది జరగలేదు, ఎరుపు దాటి వచ్చి గుద్దింది. 45 మంది చనిపోయారు.

1947లో కేంద్ర రవాణా కమిషన్ ఆదేశమిచ్చింది: గంటకు 80 మైళ్లు, ఆపైన నడపాలంటే ఇంజన్ క్యాబ్‌లోనే సిగ్నల్ చూపే పరికరమో, బండిని దానంతటదే ఆపే ఏర్పాటో ఉండాలి. ఆ ఖర్చుకు వెనకాడిన కంపెనీలు బండ్లను 79 దగ్గరే ఆపేశాయి. అమెరికాలో చాలా ప్యాసింజర్ లైన్ల మీద ఈనాటికీ కనిపించే ఆ 79 అంకె అలా వచ్చిందే.