బ్లడీ: ఒకచోట బూతు, ఒకచోట ఊతపదం

2006లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పర్యాటక సంస్థ విదేశీయుల్ని రమ్మంటూ ఒక టీవీ ప్రకటన తీసింది. మీకోసం బీరు పోసి ఉంచాం, ఒంటెలకు తలంటి పోశాం, బీచ్‌లో చోటు ఆపి పెట్టాం అంటూ ఒక్కొక్కరే చెప్పుకొస్తారు. చివర్లో ఒక అమ్మాయి 'వేర్ ద బ్లడీ హెల్ ఆర్ యూ?' అని అడుగుతుంది. సిడ్నీలో అయితే, లేటుగా వచ్చే స్నేహితుడికి ఫోన్ చేసి ఎవరైనా అనే మాటే అది. బ్రిటన్‌లో టీవీ ప్రకటనలను ముందుగా చూసి ఓకే చెప్పే సంస్థ మాత్రం 'బ్లడీ' ఉంటే కుదరదంది. ఆస్ట్రేలియా పర్యాటక మంత్రి ఫ్రాన్ బెయిలీ లండన్ దాకా వెళ్లారు. ఆ తర్వాతే నిషేధం ఎత్తేశారు. మరుసటి ఏడాది అదే మాట బ్రిటన్ రోడ్ల పక్కన హోర్డింగులకెక్కితే, వాటిని తీసేయమని ప్రకటనల నియంత్రణ సంస్థ ఆదేశించింది. సింగపూర్‌లో గొడవే లేకుండా, ఆ ముక్క తీసేసి వాడుకున్నారు.

ఆస్ట్రేలియాకు ఆ మాటను మోసుకెళ్లింది బ్రిటన్ వాళ్లే. మరి కన్నవాళ్లకే అది ఎందుకు చేదైంది?

మొదట్లో అది చేదు కాదు. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు నాటకాల్లో 'బ్లడీ డ్రంక్' అనే మాట కనిపిస్తుంది. పీకలదాకా తాగాడని అర్థం. 1711 మేలో, తర్వాత 'గలివర్స్ ట్రావెల్స్' రాసిన జొనాథన్ స్విఫ్ట్ తన ఆప్తురాలు స్టెల్లాకు రాసిన ఉత్తరంలో, ఇవాళ నడుస్తుంటే 'బ్లడీ హాట్'గా ఉందని రాశాడు. ఆయన చర్చిలో మతాధికారి. మర్యాదస్తురాలైన స్త్రీకి రాసే ఉత్తరంలో ఆ మాట పెట్టడానికి ఆయనకేమీ అడ్డు రాలేదు. మేరీ మాత పేరు మీద పెట్టిన ఒట్టు అరిగిపోయి ఇలా అయిందనీ, క్రీస్తు రక్తం మీద ఒట్టు అనీ చాలామంది చెబుతారు. వాటికి గట్టి ఆధారాలు లేవు. ఆ రోజుల్లో తాగి వీధుల్లో అల్లరి చేసే పెద్దింటి కుర్రాళ్లను 'బ్లడ్స్' అనేవారు, అక్కడి నుంచి వచ్చిందన్నది కాస్త నమ్మదగిన మాట.

1750 ప్రాంతం నుంచి గాలి మారింది. అప్పటికి ఆ మాట రేవుల్లో, సారా కొట్లలో, సైనికుల బారకాసుల్లో పాకిపోయింది. 1880ల్లో జేమ్స్ మరే సంపాదకత్వంలో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఈ మాట దగ్గరకొచ్చినప్పుడు రాసింది చదివితే సంగతి అర్థమవుతుంది: ఇది అట్టడుగు వర్గాల నోళ్లలో ఎప్పుడూ నానే మాట, గౌరవనీయులు దీన్ని బూతుతో సమానంగా చూస్తారు, పత్రికలు మధ్య అక్షరాలు ఎగరగొట్టి అచ్చు వేస్తాయి. అర్థం గురించి ఉన్నదానికంటే, వాడే మనుషుల గురించే అందులో ఎక్కువ ఉంది. నా దృష్టిలో ఆ మాటకు అంటిన మకిలి అంతా అదే. పేదవాళ్లు వాడారు కాబట్టి అది పాడుమాటయింది. 1887లో గిల్బర్ట్, సలివన్ అనే రచయిత, సంగీతకర్తల జంట తమ సంగీత రూపకానికి 'రడ్డీగోర్' అని పేరు పెడితే, 'రడ్డీ' అంటే బ్లడీకి మారుపేరే కదా అని గొడవ లేచింది. కొద్ది రోజులకే పేరులో ఒక అక్షరం మార్చాల్సి వచ్చింది.

1914 ఏప్రిల్ 11న లండన్‌లోని హిజ్ మెజెస్టీస్ థియేటర్‌లో బెర్నార్డ్ షా నాటకం 'పిగ్మేలియన్' ఆడింది. పూలమ్ముకునే ఎలైజాకు దొరసానిలా మాట్లాడటం నేర్పి ఒక పెద్దింటికి తీసుకొస్తారు. ఉచ్చారణలో చిన్న తప్పు లేకుండా మాట్లాడుతుంది. వెళ్లబోతుంటే, పార్కులోంచి నడిచి వెళ్తారా అని ఒకాయన అడుగుతాడు. 'నాట్ బ్లడీ లైక్లీ', అంటే ఛస్తే నడవను అనేసి, టాక్సీలో వెళ్తానంటుంది. ఎలైజాగా వేసిన మిసెస్ పాట్రిక్ క్యాంప్‌బెల్ ఆ మాట అనగానే హాలు నిమిషానికి పైగా నవ్వుతూనే ఉందట. ఉచ్చారణ మార్చారు గానీ ఆ అమ్మాయి పెరిగిన వీధిని మార్చలేదు, షా గురి దానిమీదే. తర్వాత కొన్నాళ్లు జనం బ్లడీ అనాల్సిన చోట 'పిగ్మేలియన్' అని సరదాగా అనేవారు. ఆ నాటకాన్నే 1956లో సంగీత రూపకంగా తీసుకొచ్చేసరికి బ్లడీకి ఎవరూ ఉలిక్కిపడటం లేదు. అదే షాక్ కోసం వేరే మోటు మాట వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆస్ట్రేలియాలో కథ వేరే దారిలో నడిచింది. ఖైదీలు, కూలీలు, సైనికులు కలిసి కట్టుకున్న వలస అది. అక్కడ ఈ మాటను చూసి ముక్కు మూసుకునేవాళ్లు తక్కువ. అలెగ్జాండర్ మార్జొరీబ్యాంక్స్ అనే యాత్రికుడు ఒక ఎడ్లబండి తోలేవాణ్ని పట్టుకుని లెక్కపెట్టిన సంగతి 1847లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. పావుగంటలో పాతిక సార్లకు తగ్గకుండా అన్నాడట. ఆ లెక్కన యాభై ఏళ్లలో కోటీ ఎనభై లక్షల సార్లకు పైనే అంటాడని తేల్చాడు. 1894లో 'బులెటిన్' పత్రిక దీన్ని ఆస్ట్రేలియా విశేషణం అని పేర్కొంది. 1989లో విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వ రోడ్డు ప్రమాదాల సంస్థ, తాగి బండి నడిపితే నువ్వు 'బ్లడీ ఇడియట్'వి అని ప్రచారం మొదలుపెట్టింది. సర్కారు డబ్బుతో, సర్కారు పేరుతో. మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్లకు ఆ నినాదం కొత్తేమీ కాదు.

అమెరికాలో దీనికి కోపమూ లేదు, చనువూ లేదు. ఇంగ్లండు వాళ్ల యాస అనుకుంటారు, అంతే.

మన దగ్గరికి ఎలా వచ్చిందన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఇంగ్లండులో ఈ మాట కింది నుంచి పైకి పాకింది. మనకు పైనుంచి కింద పడింది. కంటోన్మెంట్లలో, కచేరీల్లో, బంగళాల్లో దొర నోటి నుంచి నౌకరు మీద, సిపాయి మీద, గుమాస్తా మీద పడ్డ మాట అది. అందుకే మన వాడకంలో 'బ్లడీ హాట్', 'బ్లడీ గుడ్' లాంటివి ఎక్కువగా వినపడవు. బ్లడీ ఫూల్, బ్లడీ రాస్కెల్ వినపడతాయి. తెలుగు సినిమాల్లో కూడా పోలీసు అధికారి, సూటు వేసిన విలన్, కోపమొచ్చిన ధనవంతుడు అంటారు గానీ రిక్షా తొక్కేవాడు అనడు. ఎండకూ, టీకీ, మంచి పనికీ తగలాల్సిన విశేషణం మన దగ్గర మనిషికే, అదీ తనకంటే చిన్నవాడికే, తగులుతుంది.

లీడ్స్‌లోనో బర్మింగ్‌హమ్‌లోనో కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు కుర్రాడికి మేనేజరు 'బ్లడీ గుడ్ జాబ్' అంటే ఒక్క క్షణం గుండె ఝల్లుమనడానికి కారణం ఇదే. అతను మెచ్చుకుంటున్నాడు. మనవాడి చెవికి మాత్రం తిట్టే అందుతుంది.

బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఇప్పుడు బ్లడీని తేలికపాటి మాటల్లో చేర్చింది. దాన్ని చూపించి, ఇంగ్లీషులో అది మామూలేనండీ అంటూ, డ్రైవర్ని నలుగురిలో బ్లడీ ఫూల్ అన్న ఆఫీసర్ని వెనకేసుకొచ్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. లండన్‌లో తేలికైంది బస్సు తప్పిపోయినప్పుడు తనలో తాను గొణుక్కునే బ్లడీ. తిరిగి ఒక్క మాట అనలేని మనిషి మీదకు విసిరేది అది కాదు. డ్రైవరు కూడా తిరిగి 'బ్లడీ ఫూల్' అని, మర్నాడు ఉద్యోగానికి రాగలిగితే అప్పుడు ఆ మాట ఇక్కడా మామూలైందని నమ్ముతాను.